పేరు అడగని బేరం

రాయి తెచ్చినవాణ్ణి పేరు అడగకూడదు. మా ఇంట్లో నేను నేర్చుకున్న మొదటి మర్యాద ఇదే.

పత్తికొండ దాటాక మా ఊరు. తొలకరి వాన పడి పైమన్ను కొట్టుకుపోయిందంటే చాలు, ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి మా చేలల్లో తల వంచుకుని వజ్రాలు వెతుకుతారు. అన్నం మూటలు కట్టుకుని వచ్చి, పది రోజులు నడుములు పడిపోయేలా వెతికి, చాలామంది ఉత్త చేతులతో వెళ్లిపోతారు. ఎవరో ఒకరికి దొరుకుతుంది. దొరికినవాడు అరవడు, ఎగరడు. రాయిని రుమాలు మూలకు ముడేసుకుని, ఏమీ ఎరగనట్లు నడుచుకుంటూ వచ్చి మా వసారాలో కూర్చుంటాడు.

మా నాయన చిన్న బ్రోకరు. రాయి దొరికినవాడికీ పెద్ద వ్యాపారికీ మధ్య మనిషి. వచ్చినవాడికి అక్క చెంబుతో నీళ్లు ఇచ్చేది. ఎవరు, ఏ ఊరు, ఏం పని మీద వచ్చావు, ఇవేవీ అడగకూడదు. నాయన తువ్వాలు పరిచి, దాని కింద చేయి పెట్టి, ఎదుటివాడి వేళ్లు పట్టుకుని ధర చెప్పేవాడు. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఒకాయన వస్తే, ఉండబట్టలేక "నీ పేరేమి మామా?" అని అడిగాను. ఆయన తాగుతున్న చెంబు కింద పెట్టి, లేచి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. నాయన నన్ను కొట్టలేదు. "పేరు తెలిస్తే వానికి భయం, మనకు బరువు. ఇంకెప్పుడూ అడగాకు" అన్నాడంతే.

నేలలో దొరికిన రాయి సర్కారుదేనని అందరూ అనేవాళ్లు. మరి సర్కారుకు తెలియదా? ఆఫీసర్ల జీపులు పోయేది ఆ చేల పక్క రోడ్డు మీదే. ఎవరూ వద్దనలేదు, ఎవరూ సరేననలేదు. ఆ రెండింటి మధ్య సందులో మా నాయన ముప్పై ఏళ్లు సంసారం లాక్కొచ్చాడు. సర్కారు అంటే అట్లాగే ఉంటుంది కాబోలని నేనూ అనుకుంటూ పెరిగాను.

పెద్దయ్యాక ఆ బ్రోకరు పని నాకు అబ్బలేదు. కర్నూలు వచ్చి సెల్‌ఫోన్ షాపు పెట్టుకున్నాను. షాపుకు వచ్చే గిరాకీలు ఫోన్లలో క్రిప్టో కాయిన్లు చూపించి, ఈరోజు ఇంత పెరిగింది, నిన్న అంత పెరిగిందని ఊదరగొట్టేవాళ్లు. ఆశ పుట్టింది. కంటికి కనపడని ఆ డబ్బును నెలకు కొంచెం కొంచెంగా కొన్నాను. ఇంట్లో వాళ్లు చీటీ వేసుకున్నట్లు, ఇది నా చీటీ అనుకున్నాను.

కేంద్రం దాని మీద పన్ను వేసిందని తెలిసిన రోజు నేను సంబరపడ్డాను. పన్ను వేశారంటే ఒప్పుకున్నట్లే కదా! లాభంలో వందకు ముప్పై. అమ్మినప్పుడు వందకు ఒకటి ముందే కోత. ఒక కాయిన్‌లో నష్టపోతే ఆ నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలోంచి తీసుకోకూడదు. లాటరీ తగిలినవాడికి వేసే పన్నే ఇది. దానికి డబ్బు అనే పేరు కూడా పెట్టలేదు, ఏదో ఆస్తి అని రాసుకున్నారు. బుద్ధి ఉన్నవాడికి అప్పుడే అర్థం కావాలి. నాకు కాలేదు.

ఇప్పుడు అక్క సంగతి చెప్పాలి. నాకన్నా ఏడేళ్లు పెద్ద. బావ చిన్న వయసులోనే పోయాడు. పిల్లలు లేరు. కడపలో ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. ఇరవై ఏళ్లుగా అదే రెండు గదుల ఇంట్లో బాడుగకు ఉంది. ఇంటాయన మంచివాడే గానీ ఒక షరతు పెట్టాడు, గోడకు మేకు కొట్టకూడదు. అందుకని బావ ఫోటో ఇరవై ఏళ్లుగా ట్రంకు పెట్టె మీద గోడకు ఆనించే ఉంది. తుడిచినప్పుడల్లా పడుతుంది, అక్క మళ్లీ ఆనిస్తుంది. రెండుసార్లు అద్దం పగిలింది.

ఆ ఇంటాయన ఇల్లు అమ్మాలనుకున్నాడు. బయటివాళ్లకు చెప్పకముందే అక్కకు చెప్పాడు. అక్క ఆలూరు దగ్గర తన వంతుకు వచ్చిన మెట్ట చేను అమ్మేసి, ఇన్నేళ్లుగా దాచుకున్నది కలిపి, పన్నెండు లక్షలు పోగు చేసింది. ఆ సాయంత్రం నాకు ఫోను చేసింది.

"రేయ్, దుడ్లు నీ అకౌంట్లో ఏస్తాండా. రిజిస్ట్రేషను నాటికి నువ్వే డీడీ తీసుకోని రా. నాకా బ్యాంకోళ్ల కాయితాలు యాడ తెలుస్తాయి?"

సరేనన్నాను. ఆ అకౌంట్లో ఇంకేం వస్తుంది, ఏం పోతుంది అని ఆమె అడగలేదు. తమ్ముణ్ణి అట్లాంటివి అడిగే అలవాటు మా ఇంట్లో లేదు.

ఆ ఇల్లు అక్క పేరున అయ్యేటప్పుడు ఏదైనా పెట్టాలనిపించింది. కడప ఎండల్లో ఇరవై ఏళ్లు కుండనీళ్లతో నెట్టుకొచ్చిన మనిషి. ఒక ఫ్రిజ్జు, మిగిలితే ఒక మంచం. అందుకని నా కాయిన్లు అమ్మకానికి పెట్టాను. ముప్పై ఎనిమిది వేలు. అమ్మే పద్ధతి ఏమిటంటే, కొనేవాడు నేరుగా మన బ్యాంకు అకౌంటుకు డబ్బు పంపుతాడు, అది చేరిందని మనం యాప్‌లో నొక్కితే కాయిన్లు అతనికి వెళ్తాయి. డబ్బు వచ్చింది. బ్యాంకు మెసేజ్ చూశాను. యాప్‌లో కొనేవాడి పేరు ఒకటి, డబ్బు పంపినవాడి పేరు ఇంకొకటి. పేర్లు కలవకపోతే వదలవద్దని యాప్‌లో ఎర్ర అక్షరాలతో రాసి ఉంది కూడా. అది చదివాను. అవతల నుంచి హిందీలో మెసేజ్ వచ్చింది, డబ్బు చేరింది కదా భాయ్, ఇంకా ఎందుకు ఆలస్యం అని.

అడగొచ్చు. ఈ రెండో పేరు ఎవరిది అని ఒక్క ముక్క టైపు చేస్తే సరిపోయేది. కానీ నా చేయి రాలేదు. నాకు ఆ వసారా, చెంబు కింద పెట్టి లేచిపోయిన ఆ మనిషి గుర్తొచ్చారు. అడిగితే బేరం పోతుంది, పైగా అమర్యాద. నొక్కేశాను.

నాలుగు రోజుల తర్వాత డీడీ కోసం బ్యాంకుకు వెళ్లాను. కౌంటర్లో ఉన్న మేడమ్ నా పాసుబుక్కు చూసి, కంప్యూటర్ చూసి, మళ్లీ నన్ను చూసింది.

"మీ అకౌంట్ హోల్డులో ఉండాది సార్. దుడ్లు లోపలికి వస్తాయి, బయటికి పోవు."

"ఎంత వరకు మేడమ్?"

"మొత్తం."

ఉత్తరాన ఏదో రాష్ట్రం పోలీసులు పంపారట. ఎవరో మోసపోయిన సొమ్ము చేతులు మారి మారి నా అకౌంటుకు చేరిందట. ఆ ముప్పై ఎనిమిది వేలు పట్టుకోండి, ఇంకో రెండింతలు పట్టుకోండి, మిగతాది మా అక్క ఇంటి డబ్బు, ఎల్లుండి రిజిస్ట్రేషను అని బతిమాలాను. ఆమె ముఖంలో జాలి కనిపించింది. జాలితో కంప్యూటర్ తెరుచుకోదు. "వాళ్లు వదలమంటేనే సార్" అని నా వెనకున్నవాణ్ణి పిలిచింది. బయట మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను.

అక్కడి నుంచి పోలీసు స్టేషను. పెద్ద వయసు హెడ్ కానిస్టేబుల్ ఓపికగా విన్నాడు.

"మా కాడ కేసు ల్యాదప్పా. యాడ పెట్టినారో ఆడికే పోవాల."

"నేను దొంగను కాదని ఒక కాగితం రాసివ్వండి సార్."

"నువ్వు దొంగవని మేం అన్నామా? కాదని మాత్రం ఎట్ల అంటాం సెప్పు?"

షాపు పన్ను కాగితాలు చూసే కన్సల్టెంటు దగ్గరికి పరుగెత్తాను. ఆయనకైనా చట్టం తెలుస్తుందని.

"సార్, ఈ కాయిన్లు చట్టం ఒప్పుకుంటుందా, లేదా?"

"పన్ను కట్టాల."

"అది కాదు సార్. ఒప్పుకుంటుందా?"

"నిషేధం ల్యా."

"అంటే ఒప్పుకున్నట్లే కదా?"

"నేనట్ల సెప్పల్యా. లాభం మీద ముప్పై శాతం మాత్రం కట్టు. ల్యాకుంటే నోటీసొస్తాది."

"డబ్బే నా చేతికి రాలేదు సార్, పోలీసులు పట్టుకున్నారు."

"రాకపోవడమేంది? నీ అకౌంట్లోనే ఉండాది గదా" అన్నాడు, కళ్లజోడు పైనుంచి చూస్తూ.

నాకు ఒళ్లు మండిపోయింది. అదే ముప్పై ఎనిమిది వేలు పన్నుల వాళ్లకు నా లాభం, పోలీసులకు దొంగసొమ్ము, బ్యాంకుకు తమకు సంబంధం లేని ఏదో ఒకటి. ఒకరు కట్టమంటారు, ఒకరు కదలవద్దంటారు, ఇంకొకరు మమ్మల్ని అడగవద్దంటారు. ఎటు తిరిగినా గోడే. ఆఖరికి గల్లాపెట్టెలో ఉన్న చిల్లర నోట్లతోనే ఆ పన్ను కట్టాను. రసీదు మాత్రం క్షణంలో వచ్చింది, ధన్యవాదాలతో సహా.

షాపులో చూస్తే గిరాకీలు గల్లా దగ్గరున్న క్యూఆర్ బోర్డుకు ఫోను చూపించి డబ్బులు వేస్తూనే ఉన్నారు. అదీ ఆ అకౌంటుకే. దాని పక్కనున్న స్పీకరు పెట్టె "డబ్బు చేరింది" అని అరిచినప్పుడల్లా నాకు గుండెలో కలుక్కుమనేది. లోపలికి పోయేది తప్ప వచ్చేది లేదు. పాత క్యాలెండర్ కాగితం చింపి బోర్డు మీద అంటించాను. ఎందుకన్నా అని అడిగినవాళ్లకు పని చేయట్లేదని చెప్పాను.

మర్నాడు పొద్దున్నే కడప బస్సెక్కాను. నంద్యాల దాటేదాకా ఒక రకంగా చెప్పాలనుకున్నాను, ఆళ్లగడ్డలో అహోబిలం పోయేవాళ్లు దిగేసరికి ఇంకో రకంగా. మైదుకూరు వచ్చేసరికి ఏ రకంగానూ చెప్పలేనని తెలిసిపోయింది. దిగి వెనక్కి పోదామా అనిపించింది. అంత పిరికితనం నాలో ఉందని ఆ రోజే తెలిసింది.

అక్క తలుపు తీసింది, చెంబుతో నీళ్లు ఇచ్చింది. ఏం పని మీద వచ్చావని అడగలేదు. అక్క ఎప్పుడూ అడగదు. బొరుగులు నానబెట్టి ఉగ్గాని కలిపి పళ్లెంలో పెట్టింది. గోడ మీద సుద్దముక్కతో గీసిన గుర్తులు కనిపించాయి. ఇది ఫోటోకు, ఇది క్యాలెండర్‌కు, ఇది అద్దానికి అని వేలితో చూపించింది. కిటికీలో చిన్న కాగితం పొట్లం ఉంది. విప్పి చూపించింది, పది మేకులు.

"రిజిస్ట్రేషను అయినంక మొదటి మేకు నువ్వే కొట్టాల" అంది.

పళ్లెం పక్కకు నెట్టి, జరిగింది జరిగినట్లు చెప్పేశాను. అక్క పొట్లం మళ్లీ మడిచింది.

"ఎవురికి అమ్మినావు?"

"తెలీదక్కా."

"పేరన్నా తెలుసునా?"

"రెండు పేర్లు కనపడినాయి. అడగల్యా. నాయన గూడా అడిగేవాడు కాదు గదా."

"నాయన అడగల్యా, నిజమే" అంది. "నాయన ముందర మనిషి ఉండ్య. మొగం సూసి, ఏళ్లు పట్టుకోని బేరం చేస్తాండె. సెయ్యి వణికితే ఆ రాయి ముట్టుకోకుండా పంపించేటోడు. నీ ముందర ఎవురుండిరి?"

నాయన చెప్పిన మాట అంతా పట్టుకున్నాననుకున్నాను, సగమే పట్టుకున్నాను. అక్క ఏడ్చి ఉంటే, తిట్టి ఉంటే నాకు సులువయ్యేది. ఆమె లేచి హాస్టల్‌కు టైమైందని చీర సర్దుకుంది.

ఇంటాయన పదిహేను రోజులు గడువిచ్చాడు. బతిమాలితే ఇంకో పది. ఆ గడువులో నేను రైలెక్కి ఆ రాష్ట్రం వెళ్లాను. నాకు హిందీ అంతంతమాత్రం. నాలుగు రోజులు ఆ స్టేషను బెంచీ మీద కూర్చున్నాను. మోసపోయినాయన ఒక రిటైరైన మాస్టారట, పింఛను సొమ్మంతా పోగొట్టుకున్నాడట. అది విన్నాక నా కోపం సగం చచ్చిపోయింది. ఆయన వైపు నుంచి చూస్తే తన డబ్బు ఆఖరున కనపడిన అకౌంటు నాదే. నాకు అక్క ఉన్నట్లే ఆయనకూ ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు కదా.

నా ఫోను చూసిన ఆఫీసరు రెండు పేర్లనూ వేలితో చూపించాడు. పేర్లు వేరుగా ఉన్నాయి, చూడలేదా అన్నాడు. చూశానన్నాను. చూసి మరి ఎందుకు నొక్కావన్నాడు. రాసుకొచ్చిన కాగితం ఆయన ముందు పెట్టాను. అప్లికేషను తీసుకుని, బ్యాంకుకు లెటరు పంపుతామన్నాడు. ఎప్పుడని అడిగితే పక్కనున్న ఫైళ్ల గుట్ట చూపించాడు.

తిరుగు రైల్లో నాకు నేనే మంత్రినై ఎన్ని చట్టాలు చేశానో! ఈ కాయిన్లకు చట్టం ఉంటే ఉందనండి, లేదంటే లేదనండి. ఉందంటే, కొనేవాడి పేరూ డబ్బు పంపేవాడి పేరూ కలవనిదే బేరం ముందుకు కదలకుండా మీరే తాళం వేయండి, ఎర్ర అక్షరాలతో నా బుద్ధికి వదిలేయకండి. దొంగసొమ్ము ఎంత చేరిందో అంతే పట్టుకోండి, మొత్తం అకౌంటు గొంతు పిసకకండి. జిల్లాకొక కిటికీ పెట్టండి, మా మాటలో మేము చెప్పుకునే చోట. పన్ను వసూలుకు దొరికిన దారి సమాధానం చెప్పడానికి ఎందుకు దొరకదు? ఎదురు సీట్లో ఆయన నన్ను వింతగా చూశాడు. పైకే మాట్లాడుతున్నానని అప్పుడు తెలిసింది.

లెటరు నాలుగు నెలలకు వచ్చింది. ముప్పై ఎనిమిది వేలు తప్ప మిగతా అంతా వదిలేశారు. అక్క పన్నెండు లక్షలు పైసా తగ్గకుండా ఆమెకు చేరాయి. అప్పటికి ఆ ఇల్లు ఇంకొకరు కొనేసి, పడగొట్టి, పునాదులు తవ్వుతున్నారు. బేరం నాడు అక్క ఇచ్చిన అడ్వాన్సు ఇంటాయన తిరిగి ఇచ్చేశాడు, ఆయన తప్పేమీ లేదు. ఆ చుట్టుపక్కల ఆ ధరకు మళ్లీ ఇల్లు దొరకలేదు. పోయిన చేను పోయింది. హాస్టల్ వెనక వీధిలో ఒక్క గదికి మారిపోయింది అక్క.

ఆ గదికి మొదటిసారి వెళ్లినప్పుడు చేతిలో ఏదైనా పట్టుకుపోదామనుకుని, ఏం పట్టుకుపోవాలో తోచక, ఉత్త చేతులతోనే వెళ్లాను. బావ ఫోటో అదే ట్రంకు పెట్టె మీద గోడకు ఆనించి ఉంది. ఇక్కడి ఇంటామె కూడా మేకులు ఒప్పుకోదట. కాగితం పొట్లం ఫోటో పక్కనే ఉంది, విప్పలేదు.

అక్క చెంబుతో నీళ్లు ఇచ్చింది. నేను తాగుతుండగా ఎదురుగా నిలబడింది. కోపం లేదు, గొంతులో ఎప్పటి మెత్తదనమే ఉంది.

"ఏం పని మీద వచ్చినావురా?"

యాభై ఏళ్లకు దగ్గరపడుతున్నాను, మా అక్క నన్ను ఆ మాట అడగడం అదే మొదటిసారి. మా వసారాలో ఆ మనిషి చెంబు కింద పెట్టి ఎందుకు లేచిపోయాడో అప్పుడు తెలిసింది. నాకూ లేచిపోవాలనిపించింది. లేవలేదు.

"పనేం ల్యాదక్కా, ఊరికే వచ్చినా" అన్నాను.

అక్క నాయన లాగే నా మొహం చూసింది, చేతులు చూసింది.

"సెప్పు, ఏం ఫరవాల్యా" అంది.